సిరిసిల్ల కూడా గీయదగ్గ ఊరే

ప్రయాణంలో ఎదురైన దృశ్యం ముందే కూర్చొని బొమ్మ గీయడానికి, అంటే స్పాట్ స్కెచ్‌కు, హంపీయో కాశీయో ఉండాలన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి ఊళ్లు బస్సు మారడానికే తప్ప బొమ్మకు పనికిరావని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా తప్పు. గీసేవాడికి ముందుగా కావలసింది మళ్లీ మళ్లీ చూడనిచ్చే దృశ్యం. అందం తర్వాతి మాట.

సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, షెడ్డే ఇందుకు రుజువు. ఒక కార్మికుడు అనేక సాంచెల మధ్య తిరుగుతుంటాడు. తెగిన పోగు అతుకుతాడు, అయిపోయిన కండె మారుస్తాడు, తిరిగి మొదటి సాంచె దగ్గరికి వస్తాడు. అతను వంగిన తీరు ఒకసారి పెన్సిలుకు అందకపోయినా నష్టం లేదు, కాసేపట్లో అదే వంపు మళ్లీ కళ్లముందుకొస్తుంది. మొదటిసారి నడుము, రెండోసారి చేతులు, ఆ తర్వాత మగ్గం. కోరుట్లలో ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేసే ఆడవాళ్ల వేళ్లూ అంతే: తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మళ్లీ మొదటి నుంచి. మోడల్‌ను కదలకుండా కూర్చోబెట్టి ఆర్ట్ స్కూలు నేర్పే పాఠం ఇక్కడ కదలికలోనే దొరుకుతుంది. అయితే అడిగి గీయాలి, గీసింది వారికి చూపాలి. పనిచేసుకునే మనిషి ప్రదర్శన వస్తువు కాదు.

సెల్‌ఫోన్ ఉండగా పెన్సిలెందుకన్నది రెండో వాదం. దానికి జగిత్యాల కోట జవాబు చెబుతుంది. 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టిన ఈ కోటది నక్షత్రాకారం, చుట్టూ కందకం. నేలమీద నిలబడి తీసిన ఏ ఒక్క ఫోటోలోనూ ఆ ఆకారం పట్టదు. కందకం వెంట నడుస్తూ, మలుపు మలుపుకూ ఆగి గీస్తే గోడ ఎక్కడ ముందుకు పొడుచుకొచ్చిందో, ఎక్కడ వెనక్కి తగ్గిందో, ఎందుకలా కట్టారో తెలిసొస్తుంది.

ఈ నేల బొమ్మకెక్కదన్న మాటను చిత్రకారుడు తోట వైకుంఠం ఎప్పుడో కొట్టేశారు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకొని, ఆయన పేరు తెచ్చుకున్నది తెలంగాణ పల్లె ఆడవాళ్ల నిండు బొట్టుతో, ముదురు రంగు చీరలతో. అవి స్పాట్ స్కెచ్‌లు కావు. కానీ ఊరి మనుషులను ఏళ్ల తరబడి చూసిన కన్ను లేకుండా అవి పుట్టేవి కావు.

ఆలస్యం చేస్తే చూడడానికీ మిగలదు. మిడ్ మానేరు జలాశయం కింద ఊళ్లకు ఊళ్లు మునిగాయి. వాటి వాకిళ్లనూ అరుగులనూ ఇప్పుడు ఎవరూ ఎదురుగా కూర్చొని గీయలేరు. పాత సాంచెల స్థానంలోకీ కొత్త యంత్రాలు వస్తున్నాయి.

ఈ మూడు ఊళ్ల బడుల్లో డ్రాయింగ్ చెప్పే సార్లు పిల్లలను ఒక్క పూటైనా కోట దగ్గరికో, సాంచెల షెడ్డుకో తీసుకెళ్లాలి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు గీయించింది ఇక చాలు.