తప్పనిసరి సెలవు



"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట" అని మా అమ్మ తరచు అంటూ ఉంటుంది. మొన్న సంక్రాంతినాడు మా అబ్బాయి హాలండు నుంచి ఫోను చేసి, "నాన్నా, సెప్టెంబరులో నువ్వూ అమ్మా గ్రీసు దేశం రండి. అక్కడ ఒక దీవిలో, సముద్రం ఒడ్డున, వారం పది రోజులు హాయిగా ఉందాం" అన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ సామెతే. పొద్దున తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరులో దిగడం, సాయంత్రం తిరువళ్ళూరులో ఎక్కి తిరుత్తణిలో దిగడం, ఇదీ నా దైనిక యాత్ర. పెద్ద ప్రయాణాలంటే కాశీ, రామేశ్వరం, చుట్టాల పెళ్ళిళ్ళు. ఊరికే కూర్చోవడానికి ఎక్కడికైనా వెళ్ళడమన్నది మా ఇంటా వంటా లేదు.

అయినా బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ రాత్రే కంప్యూటరు ముందు కూర్చుని పట్టిక తయారుచేశాను. తొమ్మిది రోజులు, నాలుగు దీవులు, ఏ రోజు ఏ పడవ, ఏ గంటకు ఏ మ్యూజియం. మర్నాడు కాఫీతోపాటు మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇది సెలవులా లేదండీ, మీ హెడ్డాఫీసు ఇన్‌స్పెక్షనులా ఉంది. నాకు ఒకచోట కూర్చోవాలని ఉంది" అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను ఇలా ఏదైనా అడగడం అరుదు. పట్టిక చించేశాను. కొత్త పట్టికలో మూడే ప్రశ్నలు. ఏ దీవి, ఏ నెల, ఎంత ఖర్చు?

దీవి సంగతి ముందు చెప్తాను. గ్రీసు అనగానే క్యాలెండర్లలో కనిపించే తెల్లని ఇళ్ళు, నీలి గోపురాలు సాంటోరిని దీవివి. తీరా చూస్తే ఆ ఊళ్ళు ఒక అగ్నిపర్వతపు గుంట అంచున, కొండ కొమ్మున ఉన్నాయి. సముద్రం కింద ఎక్కడో ఉంటుంది. అక్కడి ముఖ్యపట్టణం ఫిరా నుంచి పాత రేవులోకి దిగాలంటే ఆరు వందలకు కాస్త తక్కువ మెట్లు. రోప్‌వే ఉందనుకోండి, దానికి వరుసలు. మా తిరుత్తణి కొండకు ఏడాదికి ఎన్ని రోజులో అన్నే, అంటే 365 మెట్లు. వాటికే మా ఆవిడ మోకాళ్ళు రెండేళ్ళుగా దణ్ణం పెట్టేశాయి. పైగా 2025 ఫిబ్రవరిలో అక్కడ వరసగా భూకంపాలు వచ్చి వేలమంది దీవి విడిచి వెళ్ళారు. కొట్టేశాను.

చివరికి నాక్సోస్ అనే దీవి దగ్గర ఆగాం. సైక్లడీస్ అనే దీవుల గుంపులో అదే అన్నిటికన్నా పెద్దది. ఊరిని ఆనుకునే ఇసుక తీరం, దాని పేరు సెయింట్ జార్జి. నీళ్ళు చాలాదూరం వరకు లోతు ఉండవు. బస నుంచి నడిచి వెళ్ళవచ్చు, విసుగేస్తే నడిచి వచ్చేయవచ్చు. అక్కడ బంగాళాదుంపలకు పెద్ద పేరట. పసుపు పప్పును మెత్తగా ఉడికించి నూనె, ఉల్లిపాయ వేసి తినే వంటకం కూడా గ్రీసులో ఉంది. "పప్పూ ఉర్లగడ్డా ఉంటే మనకింకేం కావాలి?" అంది మా ఆవిడ. వాళ్ళ పురాణంలో ఒక రాకుమారుడు, నిద్రపోతున్న అరియాడ్నే అనే రాకుమారిని వదిలి వెళ్ళిపోయింది ఈ దీవిలోనేనట, మన నలుడు దమయంతిని వదిలినట్టు. అది విని, "నేను నిద్రపోతే మీరు పక్కనే ఉండండి" అని నవ్వింది.

ఇక నెల. జూలై, ఆగస్టుల్లో ఆ సముద్రంలో ఉత్తరం నుంచి జోరుగా గాలి వీస్తుంది. మెల్టెమి అంటారు. దానికి తోడు యూరపు జనమంతా అప్పుడే అక్కడ ఉంటారు. సెప్టెంబరు రెండో సగానికి జనం తగ్గుతారు, గాలి మెత్తబడుతుంది, ఎండాకాలమంతా కాగిన నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. అక్టోబరు దాటితే చాలా హోటళ్ళు మూసేస్తారు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో పెద్ద ఓడ ఎక్కితే నాక్సోస్‌కు ఐదారు గంటలు. గాలి మరీ ముదిరితే ఓడలు ఆపేస్తారు. కాబట్టి తిరుగు విమానానికి ముందు ఒక రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోవాలి.

వీసా షెంజెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టవచ్చు, పదిహేను రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్ళకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అర్జీ పెట్టాలి. ముందు హాలండు వెళ్ళి, అక్కడి నుంచి గ్రీసు పోదామన్నాడు మావాడు. నేను వద్దన్నాను. వీసా కోసం కాదు. కొడుకింట్లో అడుగుపెడితే మా ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్తుంది. మళ్ళీ ఊరగాయలు, పొడులు, మనవడి స్నానం. అందుకని మేం తిన్నగా గ్రీసుకే, వాళ్ళూ అక్కడికే.

ఖర్చు ఇద్దరికీ అయిదు లక్షల లోపు అని గిరి గీశాను. మా బ్రాంచిలో ఒక కుర్రాడు, "ఎల్.టి.సి.లో పెట్టేయండి సార్" అన్నాడు. అతనికి 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు వినిపించాను. ఒక పెద్ద బ్యాంకు ఉద్యోగులు ఢిల్లీ నుంచి మదురై బయల్దేరి, కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ చుట్టి, మళ్ళీ ఢిల్లీలో దిగి ఎల్.టి.సి. తీసుకున్నారు. విదేశం కలిసిన ఆ ప్రయాణానికి పన్ను మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. కాబట్టి ఇది నా రికరింగ్ డిపాజిటు సొమ్ముతోనే. మరొక మాట. ట్రావెల్ ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టి.సి.యస్. అని కొంత శాతం ముందే వసూలుచేస్తారు. అది పోయిన డబ్బు కాదు. మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసేటప్పుడు మన పన్నులో సర్దుకోవచ్చు.

ఇంతవరకు నాకు తెలిసిన విద్యే. అసలు సంగతి ఇప్పుడు.

మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. చక్కెర, రక్తపోటు, మోకాళ్ళు, వినికిడి, అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ఆమెను చూసుకునేది మా ఆవిడ. ఆమె పది రోజులు లేకపోతే? రెండేళ్ళ క్రితం ఆమె తన చెల్లెలి కూతురి పెళ్ళికని మూడు రోజులు వెళ్ళింది. నేను సెలవు పెట్టి అమ్మ చార్జి తీసుకున్నాను. రెండో రోజు పొద్దున చక్కెర మాత్ర ఇచ్చి, ఏదో ఫోను వస్తే టిఫిను పెట్టడం మరిచిపోయాను. గంట తర్వాత చూస్తే అమ్మ ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి చక్కెర నీళ్ళు తాగించింది కాబట్టి గండం గడిచింది. మా ఆవిడ ముహూర్తం కాకముందే బస్సెక్కి వచ్చేసింది. నన్నొక్క మాట అనలేదు. ఆ తర్వాత మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

మా బ్యాంకుల్లో ఒక ఏర్పాటు ఉంది, తప్పనిసరి సెలవు. సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్ళను ఏటా ఒకే విడతగా కనీసం పది పనిరోజులు, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ పది రోజులూ అతను తన సీటు పనికి సంబంధించినది ఏదీ ముట్టకూడదు. ఆఫీసు ఈ-మెయిలు ఒక్కటే మినహాయింపు. ఇది మోసాలు బయటపడటానికి పెట్టిన నియమం. ఒకే మనిషి ఏళ్ళ తరబడి ఒక సీటును అంటిపెట్టుకుంటే, ఆ సీటులో ఏం జరుగుతోందో రెండో మనిషికి తెలియదు కదా.

ఇంతకాలం ఆ నియమాన్ని ఇతరులకు వివరించాను గాని, మా ఇంట్లో అంతకన్నా సున్నితమైన సీటు ఒకటుందని నాకు తట్టలేదు. అక్కడ సెలవూ లేదు, బదిలీ లేదు, చార్జి తీసుకునే రెండో మనిషీ లేదు.

అందుకే మా ఆవిడతో, "మేము చార్జి అప్పగించేటప్పుడు రాసిచ్చినట్టు, అమ్మ పనులన్నీ ఒక కాగితం మీద రాయి" అన్నాను. రెండు రోజుల్లో నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసింది. అందులో కొన్ని చెప్తాను. కాఫీలో చక్కెర వేయకూడదు, కాని వేయలేదని చెప్పకూడదు. ఎడమ చెవి వినపడదు, ఒప్పుకోరు, కుడివైపు కూర్చుని మాట్లాడాలి. కృత్తిక నాడు ఉపవాసం అంటారు, మాత్ర ఆపకూడదు కాబట్టి ఇడ్లీని ఫలహారమని చెప్పి ముందు తినిపించాలి. రాత్రి రెండు గంటలకు లేపి బాత్రూముకు తీసుకెళ్ళాలి, లైటు వేశాకే లేపాలి.

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "రోజూనా?" అన్నాను. "ఆరేళ్ళుగా" అంది. ఆరేళ్ళుగా అదే గదిలో నేను గుర్రు పెట్టి నిద్రపోతున్నాను.

మర్నాడు పుత్తూరులో ఉన్న మా చెల్లెలికి, చెన్నైలో ఉన్న తమ్ముడికి ఫోను చేశాను. అడగడానికి మొహమాటం, కొంచెం రోషం కూడా. పెద్దకొడుకును, అమ్మ నా బాధ్యత అని ఛాతీ విరుచుకుని తిరిగినవాణ్ణి. చెల్లెలు అంతా విని, "ఇన్నేళ్ళూ నువ్వు అడగలేదు కాబట్టి మీకు అవసరం లేదనుకున్నానన్నా. వదిన ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉండె" అంది. సెప్టెంబరులో మొదటి అయిదు రోజులు తను వస్తుంది, తర్వాత తమ్ముడూ మరదలూ. రాత్రిపూటకు ఒక ఆయాను పెడుతున్నాం. ఆ జీతం అయిదు లక్షల గిరిలోనే రాశాను. విమానం టికెట్టు ఎలాగో అదీ అలాగే. అది లేకపోతే ప్రయాణం లేదు.

గత నెలలో ఒక రిహార్సలు చేశాం. చెల్లెలు శనివారమే వచ్చింది. ఆదివారం మేమిద్దరం మా జిల్లా సముద్రానికే, పళవేర్కాడుకు వెళ్ళాం. మనవాళ్ళు ప్రళయ కావేరి అనే పులికాట్ సరస్సు ఒడ్డు ఊరది. 1613లో అక్కడ డచ్చివాళ్ళు కోట కట్టారు. మావాడు ఉద్యోగం చేసే దేశంవాళ్ళు నాలుగు వందల ఏళ్ళ క్రితమే మన గడపలోకి వచ్చారన్నమాట. వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. పడవ షికార్ల జోలికి పోలేదు. 2011 క్రిస్మస్ నాడు అక్కడ పడవ బోల్తాపడి 22 మంది పోయారు, ఆ తర్వాత షికార్లు నిషేధించారు. వంతెన దాటి, లైట్‌హౌసు వైపు ఇసుకలో కూర్చున్నాం.

పొన్నేరి చేరేలోపే మా ఆవిడ ఇంటికి అయిదుసార్లు ఫోను చేసింది. ఇసుకలో కూర్చున్నాక రిజర్వు బ్యాంకు నియమం చెప్పి ఫోను నా జేబులో పెట్టుకున్నాను. మొదటి గంట ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. సంచీ సర్దింది, పులిహోర డబ్బా రెండుసార్లు తెరిచి మూసింది. తర్వాత ఒక వల్లెపడవ నీడలో సంచీ తలకింద పెట్టుకుని పడుకుంది. నలభై నిమిషాలు. పగటిపూట ఆమె నిద్రపోవడం నేను చూసి ఎన్నాళ్ళయిందో. చెప్పినట్టే పక్కనే కూర్చున్నాను.

నాక్సోస్‌లో మా నియమం ఒకటే. రోజుకు ఒక్కసారి, సాయంత్రం, ఇంటికి ఫోను. మిగతా పట్టిక ఖాళీ.

అమ్మకు చెప్పడం నా వంతయింది. కుడివైపు కూర్చుని చెప్పాను.

"ఏ దేవుడి గుడిరా అక్కడ?" అంది.

"గుడి కాదమ్మా. ఊరికే సముద్రం ఒడ్డున కూర్చోవడానికి."

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారినప్పుడు అమ్మ ఈ ఇంటికి కొత్తకోడలు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోదు. "నేను ఈ అరుగు మీద కూర్చునే రాష్ట్రం మారినదాన్ని. మీరు కూర్చోవడానికి దేశం మారాలా?" అంది. నాకు జవాబు దొరకలేదు. కాసేపాగి తనే అంది, "పోనీలే, తీసుకుపో. రాత్రిళ్ళు దానికి నిద్ర లేదు. నేను ఎరగననుకుంటుంది."

మీ ఇళ్ళలోనూ ఇటువంటి సీటు ఒకటి ఉండే ఉంటుంది. గ్రీసే కానక్కరలేదు, మీ ఊరికి దగ్గరి సముద్రమైనా చాలు. హోటలు వెతకడానికి ముందు ఆ చార్జి కాగితం రాయించండి. రాయించాక మీరే చదవండి.

సెప్టెంబరు ముచ్చట్లు సంక్రాంతి సంచికలో.