ఆ ఒక్క లైను చదవరా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మన దేశంలో ఏటా 75 వేలమందికి పైగా ఆడవాళ్లు చనిపోతున్నారు. వాళ్లలో ఎంతమందికి చికిత్స మొదలుపెట్టే ముందు పొట్టలోని లింఫ్ గ్రంథుల్ని ఎవరైనా సరిగ్గా చూశారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరేం?

ఒకప్పుడు ఈ జబ్బు దశను ప్రధానంగా చేత్తో పరీక్షించే తేల్చేవారు. స్కానర్లు లేని పేద దేశాల్లోనే ఇది ఎక్కువ కాబట్టి గ్రంథుల్ని లెక్కలోకి తీసుకోలేదు. 2018లో అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య ఫిగో ఆ పద్ధతి మార్చింది. గడ్డ ఎంత చిన్నదైనా సరే, కటి గ్రంథులకు పాకినట్టు స్కాన్‌లో కనబడితే 3సి1 దశ. ఇంకా పైన, బృహద్ధమని పక్క గ్రంథులకు చేరితే 3సి2. మనిషి బతుకుతుందా లేదా అన్నది చాలావరకు అక్కడే తెలుస్తుంది. పైకి పాకేకొద్దీ ఆశ సన్నగిల్లుతుంది.

మా పిన్నికి ముట్లాగిపోయిన ఎన్నో ఏళ్లకు రక్తం కనబడింది. ఈ క్యాన్సరేనని తేలింది. సీటీ తీశారు. కాలేయం బాగుంది, కిడ్నీలో రాళ్లు లేవు అన్న వాక్యాల కింద ఒక లైను ఉంది: బృహద్ధమనికి ఎడమ పక్కన గ్రంథి, అడ్డకొలత 14 మిల్లీమీటర్లు. 10 దాటితే చాలు, అనుమానించాలి. ఎవరూ అనుమానించలేదు. కేసు షీటు మీద 2బి దశ అని రాసి కటి వరకే కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. పైనున్న గ్రంథికి అది అందనే లేదు. ఏడాది తిరక్కుండా నడుంనొప్పి, కాలు వాపు. ఆ గ్రంథే ముద్దకట్టింది.

“అప్పుడు రిపోర్టు చూడలేదా సార్?” అని డాక్టరుగారిని అడిగాను.

“ఓపీ నిండా జనమమ్మా, ప్రతి లైనూ ఎక్కడ చదువుతాం?”

చదవాలి సార్. ఆ లైనులో ఉన్నది ఆవిడ ప్రాణం. కిడ్నీల ఎత్తుదాకా రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇచ్చి ఉంటే పిన్ని తప్పక బతికేదని నేననను. ఆ అవకాశమైనా ఇవ్వలేదన్నదే నా కడుపుమంట.

స్కాన్ అన్నీ చెప్పదు, నిజమే. చిన్న గ్రంథిలో దాగిన క్యాన్సర్ సీటీకి చిక్కదు. క్షయతో వాచిన గ్రంథి క్యాన్సర్‌లాగే కనబడొచ్చు. అందుకే పెట్ సీటీ, అందుకే సూది పరీక్ష. కానీ పెట్ సీటీకి పల్లెటూరి మనిషి పెద్ద నగరానికి పోవాలి, వేలకు వేలు పోయాలి. ఇంట్లో నిర్లక్ష్యం మాత్రం ఏం తక్కువ? మగవాడికి గుండెనొప్పి వస్తే పొలం తాకట్టు పెట్టి పరిగెత్తుతాం. ఆడమనిషి రక్తం పోతోందంటే “వయసు వల్లలే” అంటాం. ఆవిడ నోరు మూసుకుంటుంది. ఈలోగా జబ్బు గ్రంథుల వెంట మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బని తేలితే, కరెంటు మొదలుపెట్టకముందే డాక్టరుగారిని అడగండి: “జబ్బు ఎక్కడి గ్రంథులదాకా పాకింది? కరెంటు అక్కడిదాకా పెడుతున్నారా?” విసుక్కున్నా సరే, జవాబు కేసు షీటులో రాయించేదాకా ఆ గది వదిలి రావద్దు.