‘ఖంగు’ శబ్దవిచారము

కంచుపళ్ళెము రాతిపై బడినపుడు పుట్టు ధ్వనిని తెలుగువారు ‘ఖంగు’ మన్నదందురు. ఈ చిన్నమాట యే తెగకు చెందినదో నిర్ణయించుట మాత్రము సులభము కాదు.

చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) తెలుగునకు 36 వర్ణములనే చెప్పినది. వానిలో ఖకారము లేదు. కనుక ‘ఖంగు’ దేశ్యము కాదనియు, సంస్కృతమున ‘ఖణఖణాయతే’ యను రూప ముండుటచే నందుండియే వచ్చినదనియు వాదింప వచ్చును. కాని యీ వాదము నిలువదు. సంస్కృతమున ‘ఖంగు’ లేదు గనుక నిది తత్సమము కాదు. తద్భవమైనచో ‘ఘంట’ ‘గంట’ యైనట్లు దీని ఒత్తును పోవలసి యుండెను.

సంస్కృతముననైన నిట్టి శబ్దములు ప్రత్యేకములే. ఋగ్వేదమున ఝకారము ‘జజ్ఝతీః’ అను నొక్కచోటనే కానవచ్చును, అదియు ననుకరణమే. పాణిని వీనిని ‘అవ్యక్తానుకరణము’ లని వేరుపరచెను. కన్నడమున ‘ఖణఖణ’, మరాఠీలో ‘ఖణఖణీత్’, హిందీలో ‘ఖన్‌ఖన్’, తమిళమున ‘కణీర్’ గలవు. ఇట్టి పదముల నిర్మాణము ద్రావిడ, ఆర్యభాషలు రెంటికిని సామాన్యమని ఎమెనో 1969లో నిరూపించెను.

ఐనను సామ్యమెల్ల బంధుత్వము కాదు. కఱ్ఱపై దెబ్బ ‘టక్కు’ మనును. లోహముపై దెబ్బ ‘ఠంగు’ మనును. దెబ్బ వెనుక నిలుచు మ్రోతను అనునాసికము పట్టి చూపుచున్నది. ఆంగ్లేయుల ‘క్లాంగ్’ నందును నదియే వినబడును. దానికిని ‘ఖంగు’నకును చుట్టరికము వెదకువారు లేరు గదా!

ధ్వని పేరు వృత్తికి నెక్కుటయు గలదు. ఢిల్లీ ప్రాంతమున పాత్రలు సాగగొట్టువానిని ‘ఠఠేరా’ యందురు. దీనికి మూలముగా ఇత్తడికి ‘ఠట్ఠ’ యను ప్రాచీనరూపమును టర్నరు ఊహించి, అది సుత్తిదెబ్బల చప్పుడునుండి పుట్టియుండు నని సూచించెను. మన ‘కంచరి’ యన్ననో, కాంస్యమను లోహనామము నుండి వచ్చినవాడు. వృత్తి యొకటే, ఒకచోట చెవి పేరు పెట్టినది, వేరొకచోట వస్తువు పెట్టినది.

కాబట్టి నిఘంటువులలో నిట్టి పదములకు దేశ్య, తత్సమ, తద్భవములను గుర్తులు చాలవు. ‘అనుకరణము’ అను గుర్తు ప్రత్యేకముగా నుండవలెను. ‘ఖంగు’ నందలి ఒత్తును తప్పని దిద్దుటయు మానవలెను. ఆ ఒత్తు పరభాష నుండి తెచ్చుకొన్న యలంకారము కాదు. లోహముపై పడిన దెబ్బయొక్క బలము. వర్ణమాల యొప్పలేదని చెవి విన్నదానిని కాదనుట శాస్త్రము కాదు.