పైసా ఇవ్వని ఇంటర్న్‌షిప్ ఎవరి కోసం?



మా హాస్టల్ పాతబస్తీలో ఉంది, హైకోర్టుకు నడిచిపోవచ్చు. పోయిన ఎండాకాలం ఒక సంస్థ ఆదివాసీ హక్కుల మీద ఇంటర్న్‌షిప్ అంటే అప్లై చేసిన. రెండు నెలల పని, పైసా ఇవ్వరు. సెలవులకు హాస్టల్ మూసేస్తరు, మరి ఎక్కడుండాలె అంటే "అది మీరే చూసుకోవాలి" అన్నరు. ఊరికి పోయి అమ్మతో తునికాకు తెంపిన. సిటీలో సొంతిల్లు ఉన్నోళ్లు చేరి, మన 1/70 చట్టం మీద రిపోర్టు రాసిండ్రు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

అనుభవం వస్తది కదా అంటరు కొందరు. అనుభవం చూపిస్తే మెస్సులో అన్నం పెడతరా?

షెడ్యూల్డ్ ఏరియా భూములు ప్రైవేటు గనులకు లీజుకివ్వొద్దన్న 1997 సమతా తీర్పు, ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ మనకే అన్న జీవో 3ని 2020లో కొట్టేసిన తీర్పు. మనలో ఎంతమందిమి చదివినం? నేనూ పూర్తిగా చదవలే.

అమెరికాలో యూదు విద్యార్థులకు వాళ్ల సంఘాలే వేసవిలో వాషింగ్టన్‌లో ఇట్లాంటి శిక్షణ పెడతయి. మన సంఘాలేమో ఆగస్టు 9 ఫ్లెక్సీలకు చందా అడుగుతయి. ఒక్క ఏడు ఫ్లెక్సీలు ఆపి హైకోర్టు దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకోండి. ఆరుగురం ఉంటం, వంట మేమే చేసుకుంటం, మన లాయర్ అన్నల దగ్గర ఫైళ్లు చదువుతం. వచ్చే ఏప్రిల్‌లో హాస్టల్‌కు తాళం పడకముందే చెప్పండి.