సందు దొరికే వరకు

గత నెలలో ఒక సాయంత్రం మనవణ్ణి స్కూటరు వెనుక కూర్చోబెట్టుకొని గుడివాడ వైపు నుండి మచిలీపట్నానికి తిరిగి వస్తున్నాను. పామర్రు దాటిన తరువాత, దారిలో ఒక పల్లెలో బంధువులను పలకరించి, కాలువ గట్టు దారి వెంట మళ్ళీ 65వ నంబరు జాతీయ రహదారి వద్దకు చేరుకున్నాను. నా ముందున్న మోటారు సైకిలు ఆగకుండా రహదారి ఎక్కింది. అతడు వెళ్ళాడు కదా అని నేనూ ఎక్కాను. మరుక్షణమే కుడి ప్రక్కన బ్రేకులు కీచుమన్నాయి. చేపల లోడుతో వస్తున్న వ్యాను మాకు రెండు మూడు అడుగుల దూరంలో ఆగింది.

ఆ డ్రైవరు కుర్రవాడు తిట్టలేదు. నా గడ్డాన్ని, టోపీని చూసి, “పెద్దవారు, మీరే చూసుకోకుండా వచ్చేస్తే ఎలాగండీ?” అన్నాడు. నా వద్ద సమాధానం లేదు. పిల్లవాడు నా నడుమును గట్టిగా పట్టుకొని వణుకుతున్నాడు.

తప్పు పూర్తిగా నాదే. ప్రక్క దారి నుండి వచ్చేవాడు ప్రధాన రహదారిపై సాగే వాహనానికి దారి ఇవ్వాలన్నది మన దేశంలో చట్టం. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగు నియమాలు కూడా ఇదే చెబుతున్నాయి. తలక్రిందులుగా ఉన్న త్రిభుజం, తెల్లని పలక, ఎర్రని అంచు: ఇది ‘దారి ఇవ్వు’ అనే గుర్తు. రహదారి ఖాళీగా ఉంటే మెల్లగా కలువవచ్చు, వాహనం వస్తూ ఉంటే ఆగాలి. ఎనిమిది మూలల ఎర్రని ‘స్టాప్’ పలక ఉన్నచోట మాత్రం రోడ్డు ఖాళీగా ఉన్నా ఆగి తీరాలి. మన పల్లె దారులలో చాలా చోట్ల ఏ పలకా ఉండదు. పలక లేనంత మాత్రాన బాధ్యత తొలగిపోదు.

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు సుమారు 22 మీటర్లు సాగుతుంది. ఆగి ఉన్న ఆటో కదిలి వేగం అందుకోవడానికి ఐదు సెకనులు పట్టినా, ఈ లోగా ఆ వాహనం 110 మీటర్లు వచ్చేస్తుంది. దూరంగానే ఉందని మనం అనుకున్నది నిజానికి మన ప్రక్కనే ఉన్నది.

మన డెల్టాలో మరొక చిక్కు ఉన్నది. పొలాలు పల్లం, రహదారి మెరక. ఏటవాలుపై ఆగితే బండి వెనక్కి జారుతుందన్న భయంతో చాలామంది ఊపు మీదనే ఎక్కేస్తారు. ధాన్యం బస్తాల ట్రాక్టరుకు ఈ భయం మరీ ఎక్కువ. అందుకే క్రిందనే గేరు తగ్గించుకొని, మెల్లగా ఎక్కి, రోడ్డు అంచుకు ముందే ఆగాలి. చెట్లో గడ్డివాములో అడ్డుగా ఉంటే ఒకరు దిగి చూచి చెప్పాలి. డివైడరు ఉన్నచోట ఎడమకే కలిసి, తరువాతి మలుపు వరకు వెళ్ళి తిరిగి రావాలి. దూరం తగ్గుతుందని ఎదురు దిశలో రాకూడదు.

పాఠాలు చెప్పే నాకు ఆ రాత్రి ఒక హదీసు గుర్తుకు వచ్చింది. హజ్ యాత్రలో అరఫాత్ నుండి జనం ఒక్కసారిగా బయలుదేరినప్పుడు దైవప్రవక్త (సఅసం) తమ ఒంటె కళ్ళెం బిగపట్టి, ప్రజలను నిదానించమన్నారు. గుంపులో మెల్లగా సాగి, సందు దొరికినచోట వేగం పెంచారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. రహదారిలో కలిసే పద్ధతి అంతా ఇందులోనే ఉన్నది. సందు లేనప్పుడు ఓర్పు, దొరికినప్పుడు తటపటాయించకుండా తగిన వేగం. సగం ఎక్కి ఆగిపోయేవాడు ఆగనివాని వలెనే ప్రమాదకారి.

రహదారిపై వెళ్ళేవానికీ బాధ్యత ఉన్నది. కూడలి వద్ద వేగం తగ్గించాలి. కలువబోయే బండిని చూచి పంతంతో వేగం పెంచకూడదు. దివిసీమలో కాలువలపై ఒక్క బండి మాత్రమే పట్టే ఇరుకు వంతెనల దగ్గర ఈ పంతమే కనిపిస్తుంది. లైటు వేస్తే ‘నేను వస్తున్నా’ అని ఒకరు, ‘నీవు రా’ అని మరొకరు అర్థం చేసుకుంటారు. కనుక లైటును నమ్మవద్దు. ఎదుటి బండి నిజంగా ఆగిందని చూచిన తరువాతనే కదలండి. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చునన్న సంగతి ఇంట్లో బండి నడిపే ప్రతివారికీ తెలియాలి.

ఇప్పుడు ఆ గట్టు చివరకు రాగానే నేను ఆగుతున్నాను. వెనుకనున్న మనవడు కూడా కుడి వైపు చూచి, “నానా, ఇంకా వస్తున్నాయి” అంటాడు. మా వెనుకవారు హారను మోగిస్తారు. మోగించనిస్తాను.