చెరిపివేసిన 178

మా మదర్సాలో పదకొండేళ్ల విద్యార్థి ఒకడు ఇటీవల తన నోటుపుస్తకాన్ని మా ముందుంచాడు. త్రిభుజంలోని మూడు కోణాలను కోణమానినితో కొలిచి, కూడి, 180 డిగ్రీలని వ్రాశాడు. ఆ అంకె ఉన్నచోట కాగితం రబ్బరుతో రుద్ది రుద్ది పలుచబడి ఉంది. వెలుతురుకు ఎత్తి చూస్తే 178 కనిపించింది.

"ఎందుకు చెరిపావు బేటా?" అని అడిగాము.

"180 రావాలని మీరే చెప్పారు కదా హజ్రత్!" అన్నాడు.

తప్పు వానిది కాదు, మాది. ఏళ్ల తరబడి మేము సూత్రాన్ని ముందు కంఠస్థం చేయించి, ఆ తర్వాతే కొలవమంటున్నాము. జవాబు ముందే తెలిసిన పిల్లవాడు ఇక కొలవడు, కొలిచినట్లు చూపుతాడు. చూడనిదానికి సాక్ష్యం పలకరాదని ఉదయం బోధించిన మేమే, మధ్యాహ్నం గణితం గంటలో ఆ పని చేయించాము.

మరునాడు మరో తరగతిలో సూత్రం ఊసెత్తకుండా పాఠం మొదలుపెట్టాము. ఆ విద్యార్థిని కూడా వచ్చి కూర్చోమన్నాము. పాత వలీమా కార్డులు పంచి, ఎవరికి తోచిన త్రిభుజాన్ని వారిని కత్తిరించుకోమన్నాము. తర్వాత మూలలను కూడా కత్తెరతోనే వేరుచేయించి పొరబడ్డాము. ప్రతి ముక్కా నున్నగా తెగి చిన్న త్రిభుజమైంది, అసలు మూల ఏదో ఎవరికీ తెలియలేదు. రెండవసారి మూలలకు రంగు వేయించి, చేతితో చింపించాము. మూడు మొనలను ఒకే బిందువు వద్ద పక్కపక్కన చేర్చగా, అవి స్కేలు అంచు వెంబడి ఒదిగాయి. సన్నని త్రిభుజమైనా, వెడల్పాటిదైనా అంతే. ఇంట్లో తల్లులు చింపకుండా మడతలతోనూ దీనిని చూపవచ్చు. పొడవైన భుజాన్ని కింద ఉంచి, మడత దానికి సమాంతరంగా ఉండేటట్లు పై మొనను ఆ భుజం మీదికి వంచాలి. మిగిలిన రెండు మొనలను కూడా అదే బిందువుకు చేర్చాలి.

అందరూ సంతోషిస్తుండగా, మన 178 విద్యార్థి తన ముక్కల నడుమ వెంట్రుకవాసి సందును చూపి, "ఇక్కడ కొంచెం ఖాళీ ఉంది హజ్రత్" అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాము. పెన్సిలు గీతకు మందం ఉంది, చేతికి వణుకు ఉంది, కోణమానిని చిన్న పరికరం. కనుక చేతి సాక్ష్యం చాలదు, నిరూపణ కావాలి. పై శీర్షం గుండా కింది భుజానికి సమాంతర రేఖ గీశాము. కింది కోణాలు రెండూ ఏకాంతర కోణాలుగా పైకి వచ్చి, శీర్షకోణానికి చెరొక వైపున నిలిచాయి. మూడూ కలిసి సరళకోణమైంది. ఇక్కడ సందుకు చోటు లేదు.

యూక్లిడ్ మొదటి గ్రంథభాగంలోని 32వ సిద్ధాంతమిది. నసీరుద్దీన్ తూసీ 1248లో ఆ గ్రంథాన్ని అరబీలో పరిష్కరించి వ్రాయగా, దాని మొదటి మఖాలా ఒకప్పుడు దర్సె నిజామీలో పాఠ్యాంశంగా ఉండేది. అది మన పాఠాలలో నుండి ఎందుకు జారిపోయిందో మరొకసారి చర్చిద్దాము.

ఆ విద్యార్థి సాయంత్రం మరొక త్రిభుజం కొలిచాడు. 181 వచ్చింది. దానిని అలాగే ఉంచి, కింద నిరూపణ వ్రాశాడు. మేము రెండింటికీ సరి గుర్తు పెట్టాము.