ఆవుల లెక్కలో ఆడబిడ్డ



దేశము నిలబడాలంటే సైన్యము, ధనము, మంచి నాయకులు కావాలని అందరూ చెబుతారు. ఆ దేశపు ఇళ్లలో ఆడపిల్లకు ఏపాటి విలువ ఉన్నదని అడిగేవారు తక్కువ. ఈ నెల ఆ ప్రశ్నతోనే దక్షిణ సూడాన్ సంగతి మీ ముందు ఉంచుతున్నాము.

2011 జూలై 9న స్వాతంత్ర్యము పొందిన ఆ దేశములో డింకా, నుయేర్ తెగలవారికి పశువులే ఆస్తి. వరుడు వధువు తండ్రికి పదుల కొద్దీ ఆవులు ఇవ్వాలి. మన పెద్దలు కన్యాశుల్కమన్నది ఇదే. 2018లో ఒక బాలిక కోసం పలువురు పోటీపడ్డారు. 500కు పైగా ఆవులు ఇచ్చినవానికి ఆమెను కట్టబెట్టారు.

మరి ఆవులు లేని యువకుడు ఏమి చేస్తాడు? పెళ్లి కానివానికి అక్కడ పెద్దరికము లేదు. కూలి చేసి అన్ని ఆవులు కొనలేడు. తుపాకి పట్టి పొరుగు తెగ మందను తోలుకొస్తాడు. మంద పోయినవారు పగ తీర్చుకొనుటకు వచ్చి ఆవులతోపాటు స్త్రీలను, పిల్లలను ఎత్తుకుపోతారు. 2011 డిసెంబరు చివర జొంగ్లే రాష్ట్రములో వేలాది లౌ నుయేర్ యువకులు ముర్లే తెగవారి పీబోర్ ప్రాంతముపై పడ్డారు. వందలాది మంది చనిపోయారు. అప్పటికి దేశము పుట్టి ఆరు నెలలైనా నిండలేదు. 2013 డిసెంబరులో నాయకుల పదవీ వైరముతో అంతర్యుద్ధము మొదలైనప్పుడు, మందల కోసము తుపాకి పట్టిన యువకులలో అనేకులు ఇరువైపులా సైనికులైనారు.

యుద్ధమునకు కన్యాశుల్కమొక్కటే కారణమని మేము అనము. కానీ ఆ నిప్పుకు అది ఎండుకట్టెలు అందించినది. చట్టము లేక కాదు. 2008 నాటి బాలల చట్టము బాల్యవివాహమును కాదన్నది. 2011 రాజ్యాంగము వధూవరుల సమ్మతి ఉండాలన్నది. ఇంటిలో మాత్రము ఆవుల లెక్కే నడుస్తున్నది.

ఆ ప్రజలలో అధికులు క్రైస్తవులు. రిబ్కాను పంపకముందు ఇంటివారు ఆమెనే పిలిచి అడిగిన సంగతి (ఆదికాండము 24) వారూ చదువుతారు, మనమూ చదువుతాము. మన వద్ద శుల్కము తిరగబడి కట్నమైనది. 1961లోనే చట్టము నిషేధించినా బేరము ఆగలేదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట సంబంధము మాట వచ్చినప్పుడు, ఇచ్చిపుచ్చుకొనే లెక్కలకు ముందే, మీ కుమార్తెను దగ్గర కూర్చోబెట్టుకొని ఆమె మనసు అడుగుతారా? మీ కుమారునికి వెల కట్టకుండా ఉంటారా?